మూడు వందల డెబ్బై మూడు భాగాహారాలు

జంషెడ్‌పూర్ బారిడీహ్‌లో మా ఇంట్లో మనుషులం ముగ్గురం. నేను, మా ఆయన, మా నాన్న. నాలుగోది ఒక సంఖ్య. రెండు వందల పధ్నాలుగు కోట్ల డెబ్బై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. నాన్న దాన్ని "ఆ నెంబరు" అనేవాడు. ఏడాది పైగా అది మాతోనే ఉంది. తినలేదు, తాగలేదు, ఫ్యాను కింద చోటు అడగలేదు. అయినా మా ఆయనకి మాత్రం ఎవరో దూరపు చుట్టం వచ్చి తిష్ఠ వేసినట్టే ఉండేది.

ఆ నెంబరుని ఒకటీ, అదీ తప్ప వేరే ఏ సంఖ్యా శేషం లేకుండా భాగించలేదు. ఇలాంటివాటిని ప్రధాన సంఖ్యలంటారు. బడిలో పిల్లలకి నేను లడ్డూల లెక్క చెబుతాను. పన్నెండు లడ్డూలుంటే ముగ్గురికీ సమంగా పంచొచ్చు, నలుగురికీ పంచొచ్చు. పదమూడుంటే ఎవరో ఒకరు ఏడవాల్సిందే. సరే, రెండు వందల కోట్ల పైచిలుకు లడ్డూలు ఉన్నప్పుడు, ఎంతమందిని బంతిలో కూర్చోబెట్టినా సమంగా రావని ఎవరు చెప్పాలి? ఎలా చెప్పాలి? నేను ఎమ్మెస్సీ లెక్కలు చదివాను, ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నాను, ఈ ప్రశ్న నన్ను ఒక్క పూట కూడా ఇబ్బంది పెట్టలేదు. పుస్తకంలో ఉంది కదా.

నాన్న చదివింది ఎనిమిదో తరగతి, అదీ శ్రీకాకుళం జిల్లాలో. పద్దెనిమిదేళ్లప్పుడు మేనమామ వెంట వచ్చి జంషెడ్‌పూర్‌లో రైలు దిగి, గోల్‌మురి బజారు వెనక ఒక చిన్న మెషిన్ షాపులో చేరాడు. కార్ఖానాల్లో అరిగిపోయిన పళ్లచక్రాల బదులు కొత్తవి కోసి ఇచ్చే షాపది. ఇప్పుడక్కడ పెళ్లిబట్టల దుకాణం ఉంది. ముప్పై ఆరేళ్లు ఆయన అక్కడ గేర్లకి పళ్లు కోశాడు.

పళ్లు సమానంగా రావాలంటే డివైడింగ్ హెడ్ అని ఒక పరికరం ఉంటుంది. దాని రేకు మీద గుండ్రంగా, వరసలు వరసలుగా చిల్లులుంటాయి. ఎన్ని పళ్లు కావాలో దాన్నిబట్టి ఒక వరస ఎంచుకుని, చిల్లులు లెక్కపెట్టి పిడి తిప్పుతూ ఒక్కో పన్నూ కొయ్యాలి. నూట ఇరవై ఏడు పళ్ల గేరుకి మాత్రం ఏ వరసా సరిపోదు, ఎందుకంటే నూట ఇరవై ఏడు దేనితోనూ పోదు. పోనీ వదిలేద్దామంటే కుదరదు. అంగుళాల లెక్కన చేసిన పాత లేత్ మీద మిల్లీమీటర్ల స్క్రూ మర కొయ్యాలంటే ఆ గేరే కావాలి. అయిదు అంగుళాలంటే సరిగ్గా నూట ఇరవై ఏడు మిల్లీమీటర్లు మరి. ఆ ఆర్డరు వచ్చిన రోజు షాపులో ఒకడికి నడుం పట్టేసేది, ఇంకొకడికి బావమరిది పెళ్లి వచ్చిపడేది. గేరు మాత్రం నాన్న మెషిను మీదకి వచ్చేది. ఆయన అదనంగా నాలుగు గేర్లు తగిలించి, పిడితో పాటు రేకు కూడా కాస్త కాస్త జరిగేలా చేసి, రెండు రోజులు కూర్చుని కోసేవాడు.

నేను బీయస్సీలో ఉండగా ఒక సాయంత్రం టీ తాగుతూ అడిగాడు. "ఈ నూట ఇరవై ఏడు ఎందుకలాగ పోదమ్మా? దానికేటి రోగం?"

అప్పుడు నాకు చదువు కొత్త, పొగరు అంతకంటే కొత్త. రోగం కాదు నాన్నా, వంశం అన్నాను. రెండుని రెండుసార్లు వేసి గుణించి ఒకటి తీసేస్తే మూడు. మూడుసార్లు వేసి ఒకటి తీసేస్తే ఏడు. ఏడుసార్లు వేసి తీసేస్తే నీ నూట ఇరవై ఏడు. ఈ మూడూ ప్రైములే. ఇలాగే ముప్పై ఒక్కసార్లు వేసి ఒకటి తీసేస్తే ఇదిగో ఇంత వస్తుంది, ఇదీ ప్రైమే అని కాగితం మీద పది అంకెలు రాసి ఇచ్చాను.

నాన్న ఆ అంకెల్ని వేలితో తడుముకుంటూ చదివి, "ఇదెవరు చెక్ చేసేరు?" అన్నాడు.

"పుస్తకంలో ఉంది నాన్నా."

"పుస్తకం ఎవరు చెక్ చేసేరు?"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందే అని లోపలికెళ్లి అమ్మతో అన్నాను. అమ్మ నవ్వింది. నాన్న ఆ కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

అమ్మ పోయిన తర్వాత ఆయన మా ఇంటికి వచ్చేశాడు. వచ్చిన నెలకే పనిలో పడ్డాడు. ఈ వీధిలో రిటైరైన మగవాళ్లకి మూడు పనులుంటాయి: పొద్దున్న నడవడం, నడిచినంతసేపూ ప్రభుత్వాన్ని తిట్టడం, ఇంటికొచ్చి షుగరు చూసుకోవడం. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. మా నాన్న వరండాలో కుర్చీ వేసుకుని, నాలుగు వందల పేజీల రిజిస్టరు ఒకటి కొనుక్కుని, ఆ నెంబరుని మూడుతో, ఏడుతో, పదకొండుతో, పదమూడుతో భాగించడం మొదలుపెట్టాడు. దేనితో పోతుందో చూస్తాడట. నేను జాలిపడ్డాను. లెక్కల టీచర్లకి జాలి కలిగితే పాఠం చెబుతారు.

నలభై ఆరు వేల మూడు వందల నలభై దాటి చూడక్కర్లేదు నాన్నా, అంతలోపల ఏదీ భాగించకపోతే పైన కూడా ఏదీ భాగించదు అని చెప్పాను. అంతవరకు ఉన్న ప్రధాన సంఖ్యలే నాలుగు వేల పైచిలుకు. కాని ఈ నెంబరుకి ఒక గుణం ఉంది. దీన్ని భాగించగలిగే సంఖ్య ఏదైనా ఉంటే, దాన్ని అరవై రెండుతో భాగించినప్పుడు ఒకటి మిగలాలి, ఎనిమిదితో భాగించినప్పుడు ఒకటో ఏడో మిగలాలి. దానికి ఒక పేజీ నిరూపణ ఉంది. పరీక్షలో నాకు మంచి మార్కులు తెచ్చిపెట్టింది, ఆ తర్వాత నేనూ ఆ నిరూపణా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆ గుణంతో వడపోస్తే మిగిలేవి మూడు వందల డెబ్బై మూడు. (అది కూడా ప్రైమే, అది వేరే సంగతి.)

నాన్న నమ్మలేదు. "మిగతావి చూడక్కర్లేదని నువ్వంటన్నావు. ట్రయల్ పీసు చూపించు."

చూపించాను. రెండుని పదకొండుసార్లు వేసి ఒకటి తీస్తే రెండు వేల నలభై ఏడు. చూడ్డానికి ఆ వంశంలోదే, కాని దొరికిపోయే రకం: ఇరవై మూడు ఎనభై తొమ్మిదులు. అక్కడ ముప్పై ఒకటికి రెట్టింపు అరవై రెండు, ఇక్కడ పదకొండుకి రెట్టింపు ఇరవై రెండు. ఇరవై మూడుని ఇరవై రెండుతో భాగిస్తే ఒకటి మిగిలింది. ఎనభై తొమ్మిదిని భాగించినా ఒకటే. ఎనిమిదితో చూస్తే ఒకదానికి ఏడు, ఒకదానికి ఒకటి. నాన్న రెండుసార్లు వేసి చూసుకుని, "డ్రాయింగు ప్రకారమే ఉంది" అన్నాడు. ఆయన నోట నేను విన్న మెచ్చుకోళ్లలో అంతకు మించింది లేదు.

రోజుకొక భాగాహారం, పేజీకొకటి. మూడుతో పోయే సంఖ్యల్ని వదిలెయ్యొచ్చు నాన్నా, వాటికి విడిగా చూడక్కర్లేదు అంటే వినలేదు. లాటులో ఉన్న పీసు ప్రతిదీ చూడాలట. పైన భాజకం, కింద మెట్లు మెట్లుగా భాగాహారం, చివర శేషం, దాని కింద తొమ్మిదుల పరీక్ష. అంకెలన్నీ కూడి, తొమ్మిదులు తీసేసి, ఇటుపక్కా అటుపక్కా మిగిలినది ఒకటేనా అని చూసుకునే పాత పద్ధతి అది. సంవత్సరం మీద ఎనిమిది రోజులు పట్టింది.

మా ఆయన గోవింద్‌పూర్‌లో ఒక కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఏదైనా సెకండులో అవుతుందని ఆయన నమ్మకం, ఇంట్లో బల్బు మార్చడం తప్ప. ఒకరోజు ఫోను తెచ్చి నాన్న ముందు పెట్టాడు. "మావయ్యగారూ, దేఖియే. నెంబరు కొట్టాను. ప్రైమ్ హై. అయిపోయింది, ఖతమ్."

"కోసిందెవరు బాబూ?" అని నాన్న అడిగాడు.

"ఫోను."

"చెక్ చేసిందెవరు?"

"అదీ ఫోనే."

"ఒకడే కోసుకుని ఒకడే పాసు చేసుకునే షాపులో నేనెప్పుడూ పని చెయ్యలేదు."

మా ఆయన నావైపు చూశాడు. నేను కూరగాయలవైపు చూశాను. నాన్న షాపులో చట్టం అది: ఎంత పెద్ద పనివాడైనా తన పీసుని తాను పాసు చేసుకోకూడదు. వేరే మనిషి కొలిచి ముద్ర వెయ్యాలి. ఆ చట్టం ఆయన మెషిను మీద నుంచి దిగి వచ్చినా ఆయన మీద నుంచి దిగలేదు.

ఇంతలో ఈ సంగతి మా వైపు తెలుగు సంఘానికి చేరింది. సంఘం కార్యదర్శికి షామియానాలు అద్దెకిచ్చే వ్యాపారం ఉంది, కనుక మా సంఘానికి సన్మానాల కొరత లేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే రకం మనిషి. ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, "బాబాయి కొత్త నెంబరు కనిపెట్టేడంట కదా మేడంగారూ, వార్షికోత్సవంలో శాలువా కప్పుతాం. గణిత కేసరి అని బిరుదు కూడా అనుకుంటన్నాం" అన్నాడు.

ఈ నెంబరు ప్రైమని తెలిసి రెండు వందల ఏళ్లు దాటిందండీ, నాన్న కనిపెట్టలేదు అన్నాను.

"అది ఎక్కడో విదేశాల్లో కదా. జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో ఎవరు కనిపెట్టేరు, చెప్పండి?"

నేను అక్కడితో ఊరుకోవాల్సింది, ఊరుకోలేదు. దీన్ని రెండుతో ముప్పైసార్లు గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుందని, అంటే తను తప్ప తన మిగతా భాజకాలన్నీ కూడితే మళ్లీ తానే వచ్చే సంఖ్య అని నోరు జారాను. "పరిపూర్ణ" అనే మాట వినగానే కార్యదర్శి చేతులు జోడించేశాడు. తర్వాత గొంతు తగ్గించి నాన్నని అడిగాడు. "బాబాయ్, కొత్త బండి కొంటన్నాను. ఇందులో చివరి నాలుగంకెలు పెడితే కలిసొత్తాదా?"

"ఇది దేంతోనూ కలవని నెంబరు బాబూ" అన్నాడు నాన్న. శాలువా సంగతి అడిగితే నావైపు చూపించాడు. "మా అమ్మాయి మొత్తం చూసి సంతకం పెడితే వత్తాను. లేకపోతే రాను."

ఆ సాయంత్రమే రిజిస్టరు నా చేతికిచ్చాడు. "ఒక్క పేజీ వదలకుండా చూడమ్మా. నా పని ఇప్పుడెలాగుందో నాకు తెలియాల. ఇంట్లో లెక్కలు వచ్చినదానివి నువ్వే." శాలువా మీద ఆయనకి ఆశ లేదని, ఆయనకి కావలసింది నా సంతకమేనని నాకప్పుడే అర్థమైంది. ఇంత స్పష్టంగా అర్థం చేసుకుని కూడా నేను చేసిన పని చెబుతాను.

తర్వాతి ఆదివారం, పొయ్యి మీద చేపల పులుసు పెట్టి, అది ఉడికేలోపల రిజిస్టరు పని అయిపోగొట్టాను. మాకిందులో అనుభవం ఉంది. బడిలో ఒక ఖాళీ పీరియడులో ముప్పై ఎనిమిది నోటుబుక్కులు దిద్దుతాం. పేజీ తిప్పే చేత్తోనే టిక్కు పడుతుంది, కళ్లు పక్క టీచరుతో మాట్లాడుతూ ఉంటాయి. ప్రధానోపాధ్యాయురాలు చూసేది ఎర్రసిరా ఉందా లేదా అనే. నాన్న రిజిస్టరులో కూడా మూడు వందల డెబ్బై మూడు టిక్కులు పెట్టి, చివరి పేజీలో "పరిశీలించాను. అన్నీ సరిగా ఉన్నాయి. సంఖ్య ప్రధాన సంఖ్యే" అని రాసి, సంతకం పెట్టి, సంతకం కింద ఎమ్మెస్సీ అని కూడా రాశాను. నెంబరు ప్రైమని నాకు ముందే తెలుసు. ఇక చూసేదేముంది?

భోజనాల దాకా రిజిస్టరు నాన్న ఒళ్లోనే ఉంది. భోజనం అయ్యాక నా దగ్గరికి వచ్చి, ఇరవై ఒకటో పేజీ తెరిచి బల్ల మీద పెట్టాడు. భాజకం రెండు వేల అయిదు వందల నలభై మూడు. పక్కన నా ఎర్ర టిక్కు, తోకతో సహా.

"శేషం ఎంతుందమ్మా?"

చూశాను. "సున్నా."

"సున్నా అంటే?"

"పోయిందని."

"పోతే అది ప్రైమేనా?"

"కాదు."

"మరి చివర్న నువ్వేటి రాసేవు?"

గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు తడుముకునే దశ కూడా దాటిపోయింది, కాయ నా నెత్తినే ఉంది. నాన్న జేబులోంచి చిన్న చీటీ తీశాడు. దాని మీద అసలు శేషం ఉంది: వెయ్యిన్ని అయిదు వందల ఇరవై మూడు. ఆ పేజీ ఆయన కావాలని తప్పు రాసింది.

షాపులో దీన్ని దొంగపీసు అనేవారట. ఇనస్పెక్టరు నిజంగా కొలుస్తున్నాడా, టీ తాగుతూ ముద్రలు గుద్దుతున్నాడా అని అనుమానం వస్తే, పాత పనివాళ్లు మంచి గేర్ల మధ్య ఒక చెడ్డది కలిపి పంపేవారు. ఇనస్పెక్టరు దాన్ని పట్టుకుంటే మర్యాద. పట్టుకోకపోతే లాటంతా తిరిగి అతని బల్ల మీదకే వచ్చేది, ఆ రోజు నుంచి అతని ముద్రని షాపులో ఎవరూ లెక్కచేసేవారు కాదు. నాన్న ఇదంతా తిట్టినట్టు చెప్పలేదు, షాపు కబురు చెప్పినట్టే చెప్పాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఒక్క మాట అన్నా నాకు హాయిగా ఉండేది. అనలేదు. రిజిస్టరు తీసుకుని వెళ్లి బియ్యం డబ్బా మీద పెట్టేశాడు.

కార్యదర్శికి "ఇంకా ఇనస్పెక్షను అవలేదు బాబూ, నేను రాను" అని కబురు చేశాడు. అప్పటికే నెంబరుతో పెద్ద ఫ్లెక్స్ తయారైపోయింది. వృథా చెయ్యడం ఎందుకని వేదిక మీద దాన్నే కట్టి, దాని కింద వంటల కాంట్రాక్టరుకి శాలువా కప్పారు. మేము వెనక వరసలో కూర్చున్నాం. ఫ్లెక్స్ వేసినవాడు చివరి ఏడు వదిలేశాడు. నాన్న కాసేపు తల పైకెత్తి చూసి, "అది పన్నెండుతో పోతాది" అని, పకోడీల వైపు వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఇంట్లో ఏమీ మారలేదు. నాన్న నాతో మామూలుగానే మాట్లాడేవాడు. కాని గ్యాసుబండ వచ్చినప్పుడు, గుమ్మంలో నేను నిలబడి ఉండగానే, లోపల్నుంచి నెమ్మదిగా లేచి వచ్చి, బండని తూకం వేయించి, రసీదు మీద తనే సంతకం పెట్టాడు. నాకు కోపం వచ్చింది. సిగ్గు వచ్చినప్పుడు నాకు వచ్చేది కోపమే. ఒక ఎనిమిదో తరగతి మనిషి నా సంతకాన్ని చెల్లని కాసుని చేశాడు, అందులో ఒక్క అక్షరం అన్యాయం లేదు. అదే మరీ మంట.

దసరా సెలవులు వచ్చాయి. బియ్యం డబ్బా మీద నుంచి రిజిస్టరు దించి, మొదటి పేజీ నుంచి చూడ్డం మొదలుపెట్టాను. భాగఫలాన్ని భాజకంతో గుణించి, శేషం కలిపి, ఆ నెంబరు వస్తోందా లేదా. ఫోనుతో చేస్తే ఒక పూట పని. చేత్తోనే చేశాను. ఇందులో నీతి ఏమీ లేదు, పంతం. వీధి చివర పందిట్లో డప్పులు, మైకు, ఇంట్లో నేనూ గుణకారాలూ. మా ఆయన రెండుసార్లు వచ్చి చూసి, "ఇప్పుడు నీకూ పట్టుకుందా?" అని వెళ్లిపోయాడు.

ముందు పేజీలు చూస్తుంటే ముచ్చటేసింది. అంకెలు ఒకదాని కింద ఒకటి, కోసిన పళ్లలాగే, ఎడం తప్పకుండా ఉన్నాయి. వందో పేజీ దాటాక గీతల మీద నుంచి కొంచెం కిందకి జారడం మొదలుపెట్టాయి. ఒకట్లు ఏడుల్లా ఉన్నాయి. కొన్నిచోట్ల ఒకే అంకె మీద రెండుసార్లు దిద్దాడు. నూట అరవై అయిదో పేజీలో భాజకం ఇరవై వేల మూడు వందల తొంభై తొమ్మిది. గుణించి శేషం కలిపితే నెంబరు రాలేదు. పద్దెనిమిది వందలు తక్కువ వచ్చింది. నాదే తప్పనుకుని మళ్లీ చేశాను. శేషం పందొమ్మిది వేల ఏడు వందల ఇరవై ఉండాలి. నాన్న పదిహేడు వేల తొమ్మిది వందల ఇరవై అని రాశాడు. తొమ్మిది, ఏడు తారుమారయ్యాయి. తొమ్మిదుల పరీక్ష దీన్ని పట్టుకోలేదు, అంకెలు చోటు మార్చుకున్నా కూడితే వచ్చేది అంతే కదా.

ఇది దొంగపీసు కాదు. దీనికి చీటీ లేదు. ఇలాంటివి చివరికి ఆరు తేలాయి, ఆరూ ఆ పేజీ, దాని తర్వాతవే. మిగతా రకం తప్పులు తొమ్మిదుల పరీక్షలో దొరికి ఆయనే దిద్దుకుని ఉంటాడు. దాని కళ్లు కప్పగలిగినవి ఇవే.

మా ఆయనకి చూపించాను. "ఇక్కడ సున్నా వచ్చిందా? రాలేదు కదా. ప్రైమ్ హీ హై, ప్రైమే. ఛోడో, వదిలెయ్, పెద్దాయనకెందుకు చెప్పడం" అన్నాడు. ఆయన మాట లెక్కల ప్రకారం సరైనదే. శేషం పందొమ్మిది వేలైనా పదిహేడు వేలైనా సున్నా కానంతవరకు నెంబరుకి వచ్చిన నష్టం లేదు. దొంగపీసు ఒక్కటే తప్పని చెప్పి, మిగతా ఆరిటినీ దాచేసి, సంతకం పెట్టేస్తే అందరికీ బాగుంటుంది. ముప్పై ఆరేళ్లలో తను కోసిన గేరు ఒక్కటీ తిరిగి రాలేదని చెప్పుకునే మనిషి ఆయన. ఒక రోజంతా ఆలోచించాను. అబద్ధం సంతకం ఒకసారి పెట్టినదాన్ని, రెండోసారి ప్రేమతో పెడితే అది నిజమవుతుందా అని నన్ను నేనే వెక్కిరించుకున్నాను.

మర్నాడు పొద్దున్న వరండాలోకి వెళ్లాను. "ఏడు తప్పులున్నాయి నాన్నా."

"నేనొకటే పెట్టేను."

"ఆరు నువ్వు పెట్టినవి కావు."

నాన్న రిజిస్టరు అందుకుని, పాత క్యాలెండరు కాగితం వెనక నూట అరవై అయిదో పేజీ లెక్క తనే మళ్లీ చేశాడు. అరగంట పట్టింది. కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుంటాడు, చెయ్యి చాచి దూరంగా పెట్టుకుంటాడు, తల పక్కకి వంచి చూస్తాడు. ఏడాదిగా ఆయన అలా చెయ్యడం నేను రోజూ చూస్తూనే ఉన్నాను. చూసి, ఆ నెంబరు పిచ్చి అనుకుని నవ్వాను కూడా. మెడ పట్టుకుని ఎవరైనా నన్ను నాలుగు దులిపితే బాగుండుననిపించింది.

"కరెక్టే" అన్నాడు చివరికి. "తొమ్మిదీ ఏడూ మారిపోనాయి."

"నెంబరుకి ఏమీ కాలేదు నాన్నా. ఎక్కడా సున్నా రాలేదు. అది ప్రైమే."

"నెంబరు సంగతి నాకు తెలుసమ్మా. పుస్తకంలో ఉంది కదా. నేను చెక్ చెయ్యమన్నది దాన్ని కాదు, నన్ను." రిజిస్టరు చివరి పేజీ తీసి నా ముందు పెట్టాడు. "పాతది కొట్టీసి, రిజెక్టని రాయి. సంతకం పెట్టు."

నా పాత సంతకాన్ని అడ్డంగా కొట్టేశాను. ఎమ్మెస్సీని కూడా కొట్టేశాను. కింద ఏడు పేజీల నెంబర్లు వరసగా రాసి, రిజెక్ట్ అని రాసి, సంతకం పెట్టాను. నాన్న ఆ పేజీని వెలుతురుకేసి పట్టుకుని చాలాసేపు చదివాడు.

"కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం నాన్నా" అన్నాను.

"వెళ్దాం. నాకు అనుమానంగానే ఉందమ్మా, ఎవరినడిగినా నీకేటి, బాగున్నావనే అంటన్నారు" అన్నాడు. రిజిస్టరు మూసి, దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. "ఆ ఆదివారం నువ్వు అన్నీ బాగున్నాయని సంతకం పెట్టి ఇచ్చీసరికి, నా కళ్లకేటీ అవలేదని ఎంత సంబరపడ్డానో. ఇరవై ఒకటో పేజీ తియ్యబుద్ధి కాలేదు. తియ్యకుండా ఉంటే నమ్మీసుందును."